వియత్నాంలో డబ్బులతో నెట్టుకురావడం ఎలా: ముందు ఆ రెండు నీలం నోట్లు గుర్తుపట్టండి

హనోయ్ ఓల్డ్ క్వార్టర్‌లో దిగిన రోజే చెరుకు రసం తాగి ఇరవై వేల డాంగ్ (వియత్నాం కరెన్సీ) నోటు అనుకుని ఐదు లక్షల నోటు చేతిలో పెట్టేశా, అంటే మన లెక్కలో దాదాపు 1,700 రూపాయలు. రసం అమ్మే ఆవిడ నవ్వి, నడుముకి కట్టుకున్న సంచీలోంచి అసలు ఇరవై వేల నోటు తీసి నా నోటు పక్కన పెట్టి చూపించింది. రెండూ నీలమే, రెండిటి మీదా హో చి మిన్ బొమ్మే. అందరూ అలా చూపిస్తారని గ్యారంటీ లేదు కాబట్టి వెనక్కి తిప్పి చూడండి, పైకప్పు ఉన్న వంతెన ఉంటే ఇరవై వేలు (అది హోయ్ ఆన్‌లో ఉన్న జపనీస్ బ్రిడ్జి), ఇల్లు ఉంటే ఐదు లక్షలు, ఇది కాస్త పొడుగు కూడా. 10,000, 200,000 నోట్లతో కూడా ఇదే తంటా. నేనైతే ఆ రాత్రే లక్ష, ఆపైన నోట్లు పర్సులో, చిల్లర ప్యాంటు జేబులో పెట్టేసుకున్నా, మళ్ళీ గొడవ రాలేదు.

రేటు సంగతికొస్తే రూపాయికి దాదాపు 300 డాంగ్. చివరి మూడు సున్నాలు తీసేసి మూడుతో గుణించి కొంచెం కలుపుకోండి, 50 వేలంటే మన 170 దాకా. బోర్డు మీద 50.000 అని ఉంటే అది యాభై పాయింట్ సున్నా కాదు యాభై వేలు, అక్కడ కామా బదులు చుక్క పెడతారు. 50K అని రాసినా, ఉత్త యాభై అని చెప్పినా అదే. బేరం దగ్గర అర్థం కాకపోతే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి ముందు పెట్టండి, వాళ్ళే కొట్టి చూపిస్తారు.

ఇక్కడి నుంచి డాలర్లు పట్టుకెళ్ళడమే బెటర్, రూపాయలు నమ్ముకోకండి. వంద డాలర్ల నోట్లకి చిన్న నోట్ల కంటే మంచి రేటు వస్తుంది, కానీ మడత, పెన్ను గీత, చిరుగు ఏదున్నా పక్కన పెట్టేస్తారు, అందుకే ఇక్కడ తీసుకునేటప్పుడే ఒక్కో నోటు చూసుకుని పుస్తకంలో పెట్టుకోండి. ఎయిర్‌పోర్టులో ఆ రోజుకి సరిపడా మార్చి మిగతాది సిటీలో బ్యాంకులోనో లైసెన్సు ఉన్న షాపులోనో మార్చుకోండి, పాస్‌పోర్టు అడుగుతారు. ఏటీఎం వాడితే మీ కరెన్సీలో చార్జ్ చేయాలా అని అడుగుతుంది, వద్దని కొట్టి డాంగ్‌లోనే తీసుకోండి, లేకపోతే వాళ్ళ రేటు వేసి బాదుతారు.

ప్రతి బండి మీదా క్యూఆర్ కోడ్ ఉంటుంది, చూసి మురిసిపోకండి, అది ఎక్కువగా అక్కడి బ్యాంకు అకౌంట్లున్నవాళ్ళకి, నేను స్కాన్ చేస్తే మన యూపీఐ పడలేదు. హోటళ్ళు, మాల్స్‌లో కార్డు నడుస్తుంది, కొన్నిచోట్ల పైన రెండు మూడు శాతం వేస్తారు, ముందే అడగండి. గ్రాబ్ (అక్కడి క్యాబ్, బైక్ బుకింగ్ యాప్)లో క్యాష్ పెట్టుకోవచ్చు, రేటు ముందే కనిపిస్తుంది, కాకపోతే డ్రైవర్ దగ్గర చిల్లర ఉండదు. పెద్ద నోటు మార్చాలంటే సర్కిల్ కే లాంటి షాపులో ఒక నీళ్ళ బాటిల్ కొనండి.

మిగిలిన డాంగ్ అక్కడే వదిలించుకోండి, ఇక్కడికి తెస్తే మార్చడం తలనొప్పి. నేను ఆఖరి రోజు మొత్తం కాఫీ పొడి ప్యాకెట్లు కొనేశా.