పిండి ముద్దతో ఆడిస్తూ పిల్లలకు నేర్పడం ఎలా?

అక్షరాలు దిద్దించే ముందు పిల్లల వేళ్ళకు కాస్త బలం రావాలి. పెన్సిల్‌ను మూడు వేళ్ళతో పట్టుకుని అదుపుగా కదిపే నేర్పు రెండు మూడేళ్ళ వయసులో ఇంకా కుదరదు కాబట్టి, ఆ వయసువారిని పుస్తకం ముందు కూర్చోబెట్టడం కన్నా పిసకడానికి ఒక మెత్తని పిండి ముద్ద చేతికివ్వడం మేలు. లెక్కలు, ఆకారాలు, చివరికి అక్షరాలు కూడా దానితోనే మొదలుపెట్టవచ్చు.

ముందుగా ముద్దను కలుపుకోవాలి. రెండు కప్పుల మైదాలో ఒక కప్పు మెత్తని ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి, గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ పిసకాలి. సుమారు ముప్పావు కప్పు నుంచి ఒక కప్పు వరకు నీళ్ళు పడతాయి. చేతికి అంటుకుంటే మరికాస్త పిండి, పగుళ్ళు కనిపిస్తే మరికొన్ని నీళ్ళు చేర్చాలి. రంగు కావాలనుకుంటే వంటల్లో వాడే రంగును ముందే నీళ్ళలో కలుపుకుంటే ముద్దంతా సమానంగా పడుతుంది. కొలవడం, పోయడం, కలపడం వీలైనంత వరకు పిల్లల చేతనే చేయించండి. నేలంతా పాడవుతుందని చాలామంది పెద్దలు ఈ పనిని తామే ముగించేస్తారు గాని, సగం పాఠం ఇక్కడే ఉంది. నేలను తర్వాత తుడుచుకోవచ్చు.

జాగ్రత్తల విషయానికి వస్తే, ఇందులో ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి ఇది తినడానికి పనికిరాదు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలను దీనితో ఒంటరిగా వదలకూడదు. పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో దానికి అందకుండా ఉంచాలి. ఎక్కువగా తింటే ఆ ఉప్పు దాని ప్రాణం మీదికి తెస్తుంది. మూడేళ్ళ లోపు వారికి అలంకరణ కోసం పూసలు, గుండీలు ఇవ్వవద్దు, అవి గొంతుకు అడ్డం పడవచ్చు.

మొదటి కొన్ని రోజులు ఏమీ నేర్పకండి. పిల్లలు నొక్కుతారు, గుచ్చుతారు, పీకుతారు, బల్లకేసి బాదుతారు. వేళ్ళకు అదే వ్యాయామం. ఆ తర్వాత పక్కన కూర్చుని మీ ముద్దతో మీరు ఉండలు చేయడం, తాడులా పొడవుగా సాగదీయడం మొదలుపెడితే, అడగకుండానే వాళ్ళూ ప్రయత్నిస్తారు. ఉండ సరిగ్గా రాలేదని పిల్లల చేతిలోంచి తీసుకుని దిద్దకూడదు.

ఉండలు చేయడం వచ్చాక లెక్కలు వాటంతట అవే వస్తాయి. ఒకటి నుంచి పది వరకు పాఠంలా అప్పజెప్పగలిగిన పిల్లలు కూడా ‘నాకు నాలుగు ఉండలు ఇవ్వు’ అంటే గుప్పెడు తెచ్చి ఇస్తారు, ఎందుకంటే వరుస గుర్తుండడం వేరు, సంఖ్య అర్థం కావడం వేరు. అందుకని రెండు బొమ్మలను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క ఉండ చొప్పున పెట్టించి, మూడో బొమ్మ వచ్చిందంటే ఇంకా ఎన్ని కావాలో అడగండి.

నాలుగైదేళ్ళ వారితో ఒక సరదా ప్రయోగం చేయవచ్చు. సమానమైన రెండు ఉండలు చేసి, రెండూ ఒకే అంత ఉన్నాయని పిల్లలు ఒప్పుకున్నాక, వారు చూస్తుండగానే ఒక దాన్ని పొడవైన తాడుగా చేయండి. ఇప్పుడు దేనిలో పిండి ఎక్కువ ఉందని అడిగితే, చాలామంది తడుముకోకుండా తాడునే చూపిస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే (1896–1980) వివరించిన ఈ తీరు సాధారణంగా ఏడేళ్ళ ప్రాంతంలో మారుతుంది. తప్పని కోప్పడడం వల్ల గాని, వివరించి చెప్పడం వల్ల గాని పెద్ద ప్రయోజనం ఉండదు. తాడును మళ్ళీ ఉండగా చుట్టమని చెప్పి ఊరుకోండి.

అక్షరాలకు తాడే కావాలి. మన లిపిలో గీతలకన్నా వంపులే ఎక్కువ కనుక మెత్తని తాడు చక్కగా ఒదుగుతుంది. ‘ర’ చేయించి, దాని మధ్యలో ఆవగింజంత చుక్క పెట్టిస్తే ‘ఠ’ అవుతుంది. ఆ చుక్కను తామే పెట్టి, తామే తీసి చూసిన పిల్లలకు ఆ రెంటి తేడా చెప్పనక్కర్లేదు. రోజుకు ఒకటి రెండు అక్షరాలు మించకపోవడం మంచిది.

పిల్లలు ఏదైనా చేసి చూపించినప్పుడు ‘ఇది ఏనుగా?’ అని ఊహించి చెప్పకండి, అది విమానమైతే మొహం చిన్నబోతుంది. ‘దీని గురించి చెప్పు’ అంటే చాలు, మాటలు వాటంతట అవే వస్తాయి. విసుగు కనిపించగానే ఆట ఆపేయాలి. ముద్దను గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పది రోజులు వాడుకోవచ్చు. బూజు గాని, పులిసిన వాసన గాని వస్తే పారేసి కొత్తది కలపండి.