జర్మన్ వ్యాకరణం మొరాయించినప్పుడు: సమస్య - పరిష్కారం

సమస్య: క్రియ తప్పుచోట పడుతోంది.

'ఈరోజు నేను ఇంటికి వెళ్తున్నాను' అనడానికి 'హొయ్‌టె ఇష్ గేయె నాఖ్ హౌజె' అని రాసేవారు ఇంగ్లీషు వరుసను అనుసరిస్తున్నారు. జర్మన్ ప్రధాన వాక్యంలో క్రియది రెండో స్థానం; మొదటి స్థానాన్ని 'హొయ్‌టె' ఆక్రమించింది కనుక, కర్త క్రియ వెనక్కి జరగక తప్పదు: 'హొయ్‌టె గేయె ఇష్ నాఖ్ హౌజె'. రెండో స్థానమంటే రెండో పదం కాదు. 'వచ్చే సోమవారం ఉదయం' అన్న పదబంధమంతా కలిసి ఒకే స్థానం. అయితే 'వైల్' (ఎందుకంటే), 'డాస్' (అని), 'వెన్' (ఒకవేళ) వంటి సంధాయక పదాలతో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది: 'వైల్ ఇష్ క్రాంక్ బిన్' (ఎందుకంటే నాకు ఒంట్లో బాగాలేదు). ఇంగ్లీషు మాతృభాషగా గలవారిని తికమకపెట్టే ఈ నియమం, క్రియతో వాక్యం ముగించడం పుట్టుకతో అలవడిన తెలుగువారికి అసలు కష్టం కాకూడదు.

సమస్య: 'ఇన్' (లో) తర్వాత ఒకసారి 'డీ', మరొకసారి 'డేర్' వస్తోంది.

ఆన్, ఔఫ్, హింటర్, ఇన్, నేబెన్, యూబర్, ఉంటర్, ఫోర్, ట్స్విషెన్ అనే 9 విభక్తి పదాలు గమ్యాన్ని చెబితే ఆక్కుజాటివ్‌నూ, ఉన్న చోటును చెబితే డాటివ్‌నూ కోరతాయి (ఈ రెండూ నామవాచకం తీసుకునే విభక్తి రూపాలు; వాటిని బట్టి దాని ముందుండే 'డీ', 'డేర్' వంటి ఆర్టికల్ మారుతుంది). దీన్ని తెలుగులోనే సరిచూసుకోవచ్చు: 'వంటింట్లోకి' అయితే 'ఇన్ డీ క్యూషె', 'వంటింట్లో' అయితే 'ఇన్ డేర్ క్యూషె'. ఈ కొలత ఒకచోట మోసం చేస్తుంది. 'పుస్తకం బల్ల మీద పెట్టాను', 'పుస్తకం బల్ల మీద ఉంది' అనే రెండింటిలోనూ మనం 'మీద' అనే అంటాం. జర్మన్ మాత్రం మొదటిదానికి 'ఔఫ్ డేన్ టిష్', రెండోదానికి 'ఔఫ్ డేమ్ టిష్' అంటుంది. కాబట్టి పెట్టడం, నిలబెట్టడం, తగిలించడం వంటి క్రియలు వచ్చినప్పుడు 'కి' వినబడకపోయినా ఉన్నట్టే భావించి ఆక్కుజాటివ్ వాడాలి. మిట్, ఫోన్, ట్సూ, ఔస్, బై, నాఖ్, జైట్ అనే పదాలకు ఈ పరీక్ష అక్కర్లేదు, కదలిక ఉన్నా లేకున్నా వాటితో డాటివే.

సమస్య: లింగం గుర్తుండడం లేదు.

చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. ఇందులో తర్కం వెతకడం వృథా. అమ్మాయి అనే అర్థమున్న 'మేట్‌షెన్' నపుంసకం కావడానికి మాత్రం కారణముంది: చిన్నదనే భావాన్ని సూచించే 'షెన్' ప్రత్యయం చేరిన ప్రతి నామవాచకమూ నపుంసకమే. 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఒకే క్రియారూపం వాడే మనకు దీన్ని చూసి నవ్వే అర్హత లేదు. ప్రతి నామవాచకాన్నీ దాని ఆర్టికల్‌తో కలిపే కంఠస్థం చేయాలి. 'ఉంగ్', 'హైట్', 'కైట్' ప్రత్యయాలతో ముగిసేవి స్త్రీలింగాలనీ, సమాసానికి చివరి పదం లింగమే వర్తిస్తుందనీ తెలిస్తే భారం కొంత తగ్గుతుంది.

సమస్య: 53 అంటే 35 అని రాస్తున్నారు.

జర్మన్‌లో ఒకట్ల అంకె ముందు పలుకుతారు: 'డ్రై ఉంట్ ఫ్యున్ఫ్‌ట్సిష్', అంటే మూడూ యాభై. సంఖ్య పూర్తిగా విన్నాకే కలం కదపాలి.

సమస్య: నిఘంటువు చూసినా క్రియకు అర్థం కుదరడం లేదు.

'ఇష్ రూఫె డిష్ మోర్గెన్ ఆన్' అన్న వాక్యంలో వెతకవలసింది 'రూఫెన్' కాదు, చివరనున్న 'ఆన్'ను ముందుకు తెచ్చి చేర్చిన 'ఆన్‌రూఫెన్', అంటే ఫోన్ చేయడం. అందువల్ల వాక్యం చివరి వరకు చదవకుండా నిఘంటువు తెరవకూడదు. 'ఉమ్‌ఫారెన్' విషయంలో మరింత జాగ్రత్త అవసరం: 'ఉమ్' మీద ఊనిక ఉంటే అది విడిపోతుంది, 'ఇష్ ఫారె ఈన్ ఉమ్' అంటే అతణ్ని బండితో గుద్ది పడేస్తున్నానని అర్థం, 'ఫా' మీద ఊనిక ఉంటే విడిపోదు, 'ఇష్ ఉమ్‌ఫారె ఈన్' అంటే అతణ్ని తప్పించి చుట్టూ తిరిగి పోతున్నానని.