యెల్లోస్టోన్‌లో వేసవి కొలువుకు వెళ్లేవారికి ఒక చిట్కా

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కు హోటళ్లలో గదులు సర్దడానికో, వంటశాలలో గిన్నెలు కడగడానికో వేసవి కొలువు కుదుర్చుకున్నవారు, వేసవి అనగానే మన ఎండాకాలాన్ని తలచుకుని పలుచని బట్టలతో బయలుదేరవద్దని నా మనవి. ఆ పార్కులో చాలా భాగం సముద్రమట్టానికి 7,500 అడుగులకు పైన ఉంటుంది కనుక అక్కడ ఏ నెలలోనైనా మంచు కురవవచ్చు. మధ్యాహ్నం మామూలు చొక్కా సరిపోయినా, తెల్లవారుజామున పనికి నడిచి వెళ్లేటప్పుడు స్వెట్టరు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యమైనవి బూట్లు. వంటశాలలో నేల ఎప్పుడూ తడిగానో జిడ్డుగానో ఉంటుంది కాబట్టి, అడుగు జారని నల్ల బూట్లు రెండు జతలు తీసుకువెళ్లి, తడిసిన జతలో రాత్రి పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి కుక్కి, మరునాడు రెండో జత వేసుకుంటే పాదాలు ఒరుసుకుపోవు. కొత్త బూట్లను ఇంట్లోనే వారం రోజులు తొడిగి మెత్తబరచుకోవడం మంచిది.

వసతి, భోజనాల ఖర్చును సాధారణంగా జీతంలోంచే కోసుకుంటారు. మొదటి జీతం చేతికందేవరకు గడవడానికి కొంత సొమ్ము దగ్గర ఉంచుకోవాలి. బస నుంచి వెళ్లే దారిలో అడవిదున్న నిలబడి ఉంటే, పనికి ఆలస్యమైనా సరే, కనీసం 23 మీటర్ల దూరంలోనే ఆగండి. ఎలుగుబంటికైతే ఆ దూరం 91 మీటర్లు.