పలుచని పొరల్లో హైడ్రోజన్ – 4వ పాఠం: పల్లాడియం బరువు ఎవరి ఖాతాలో?

గాజు పలక మీద 100 నానోమీటర్ల మెగ్నీషియం, దానిపైన 10 నానోమీటర్ల పల్లాడియం పూత ఎలా వేస్తారో గత పాఠంలో చూశాం. ఆ పలక వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు అనుకుందాం. హైడ్రోజన్‌ను ఇంధనంగా లోహంలో నిల్వ చేయాలన్నది మన ఉద్దేశం. ఈ పొరల్లో ఎంత హైడ్రోజన్ పడుతుంది, మళ్లీ ఎప్పుడు బయటికి వస్తుంది? ఈసారి పని అంతా లెక్కతోనే. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఊరికే చదువుకుంటూ పోతే ఈ పాఠం ఒంటబట్టదు.

100 నానోమీటర్లంటే సెంటీమీటరులో లక్షో వంతు. మెగ్నీషియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు కాబట్టి మన పొర బరువు 17.4 మైక్రోగ్రాములు. దీన్ని పరమాణు భారం 24.3తో భాగిస్తే 0.716 మైక్రోమోల్. పొర పూర్తిగా హైడ్రైడ్‌గా, అంటే లోహం హైడ్రోజన్‌తో కలిసిన సమ్మేళనంగా, మారితే ఒక్కో మెగ్నీషియం పరమాణువుకు రెండు హైడ్రోజన్ పరమాణువులు చేరతాయి. అంటే హైడ్రోజన్ వాయువు కూడా 0.716 మైక్రోమోల్, బరువులో 1.44 మైక్రోగ్రాములు. గది ఉష్ణోగ్రత దగ్గర, 1 బార్ పీడనంలో ఆ వాయువు ఆక్రమించే చోటు 0.018 మిల్లీలీటరు, ఒక నీటి చుక్కలో సగం కూడా కాదు. మామూలు ప్రయోగశాల త్రాసు దీన్ని పట్టుకోలేదు. అందుకే పలుచని పొరల మీద పనిచేసేవారు క్వార్ట్జ్ స్ఫటికం కంపన వేగంలో వచ్చే తేడాతో బరువు కొలుస్తారు, లేదా విద్యుత్ నిరోధాన్నో, పొర గుండా వచ్చే కాంతినో గమనిస్తారు. మెగ్నీషియం అద్దంలా మెరిసే లోహం, దాని హైడ్రైడ్ పారదర్శకం. పలకను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, పల్లాడియం వల్ల కాస్త మసకగానైనా, అవతలి వెలుగు కనిపిస్తుంది.

ఇప్పుడు శాతం కడదాం. హైడ్రైడ్ బరువులో హైడ్రోజన్ వాటా 7.66 శాతం. ఈ సంఖ్య చూసి చాలామంది మురిసిపోతారు. కానీ పైనున్న పల్లాడియం సంగతేమిటి? దాని సాంద్రత 12. 10 నానోమీటర్ల పూత 12 మైక్రోగ్రాములు తూగుతుంది! మందంలో పదో వంతు, బరువులో మాత్రం మెగ్నీషియంకు మూడింట రెండు వంతులు. దాన్ని కలిపి చూస్తే 1.44ను 30.84తో భాగించాలి: 4.7 శాతం. పల్లాడియం కూడా కొంత హైడ్రోజన్ పీల్చుకుంటుంది గానీ, అది 0.07 మైక్రోగ్రాము దగ్గరే ఆగుతుంది. లెక్కను పెద్దగా మార్చదు. దుకాణదారు మిఠాయిని డబ్బాతో సహా తూచితే మనం ఒప్పుకోం. ఇక్కడ మాత్రం డబ్బాతో సహా తూచడమే నిజాయితీ. గాజు పలకను కూడా కలిపితే శాతం గురించి మాట్లాడుకోవడమే అనవసరం. కాబట్టి ఎవరైనా శాతం చెప్పినప్పుడు, ఏయే పొరలను తూచారో ముందుగా అడగండి.

మరి అంత బరువైన పూత ఎందుకు? హైడ్రోజన్ అణువు విడిపోయి పరమాణువులుగా మారితేనే లోహంలోకి వెళ్తుంది. వట్టి మెగ్నీషియం మీద ఆ విడిపోవడం చాలా కష్టం, పైగా గాలి తగిలితే ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. పల్లాడియం ఈ రెండు చిక్కులనూ తీరుస్తుంది. అయితే పల్లాడియంలాంటి ఉత్ప్రేరకం వేగాన్ని మాత్రమే పెంచుతుంది, సమతౌల్య పీడనాన్ని, అంటే హైడ్రోజన్ లోపలికి పోవడం, బయటికి రావడం సమానంగా ఉండే వాయు పీడనాన్ని, మార్చదు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఉష్ణోగ్రతను బట్టి ఆ పీడనం ఎలా మారుతుందో చెప్పే వాంట్ హాఫ్ సమీకరణంతో లెక్క కడదాం. ఒక మోల్ హైడ్రోజన్ విడుదల కావాలంటే సుమారు 75 కిలోజౌళ్ల వేడి కావాలి. ఎంట్రొపీ (అస్తవ్యస్తతకు కొలత) పెరుగుదల కెల్విన్‌కు సుమారు 135 జౌళ్లు. 75,000ను 135తో భాగిస్తే 555.6 కెల్విన్, అంటే దాదాపు 282 డిగ్రీల సెల్సియస్. 1 బార్ దగ్గర హైడ్రోజన్ బయటికి రావాలంటే అంత వేడి ఉండాల్సిందే. ఇక 25 డిగ్రీల దగ్గర చూడండి: 75,000ను 8.314 (వాయు స్థిరాంకం), 298 (కెల్విన్‌లలో 25 డిగ్రీలు)ల లబ్ధంతో భాగిస్తే 30.27, 135ను 8.314తో భాగిస్తే 16.24. రెండోదాని నుంచి మొదటిది తీసేస్తే మైనస్ 14.03. పీడనపు సహజ లాగరిథమ్ ఇదే. అంటే పీడనం బార్‌లో పది లక్షల వంతు కంటే కాస్త తక్కువ. లోపలికి పోవడం సులువు, బయటికి రావడం గగనం.

అయినా ఈ పలకను గాలిలో పెడితే మెల్లగా మళ్లీ అద్దమవుతుంది. పల్లాడియం ఉపరితలం మీద ఆక్సిజన్ ఆ హైడ్రోజన్‌ను పట్టుకుని నీరుగా మారుస్తుంది. అద్దం తిరిగొచ్చింది, ఇంధనం మాత్రం ఖర్చైపోయింది. నిల్వ లెక్కలో దీన్ని విడుదల అనడం నాకైతే నచ్చదు.

పోనీ వేడి చేద్దామా అంటే మరో చిక్కు. వేడికి పల్లాడియం, మెగ్నీషియం ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి మిశ్రమలోహమవుతాయి. అందుకే మధ్యలో పలుచని టైటానియం పొర వేస్తారు. దాని బరువూ ఖాతాలో రాసుకోవాలి. సమతౌల్యమే మారాలంటే ఉత్ప్రేరకం చాలదు, మెగ్నీషియంతో మరో లోహాన్ని కలపాలి. 1968లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు రీలీ, విస్వాల్ నికెల్ కలిపి ఆ దారి చూపారు. అక్కడ శాతం 3.6కు పడిపోతుంది.

అభ్యాసం: 1. మెగ్నీషియం 300 నానోమీటర్లు, పల్లాడియం 5 నానోమీటర్లు ఉంటే రెండు పొరలనూ కలుపుకొని హైడ్రోజన్ శాతం ఎంత? 2. మెగ్నీషియం–నికెల్ హైడ్రైడ్‌కు 64 కిలోజౌళ్లు, 122 జౌళ్లు తీసుకుని 1 బార్ విడుదల ఉష్ణోగ్రత కట్టండి. మొదటిదానిలో మందం పెరిగే కొద్దీ శాతం మెరుగవుతున్నట్టు కనిపిస్తుంది. మరి మందంగా వేస్తూ పోతే ఏమవుతుంది? పైభాగంలో ముందుగా ఏర్పడిన హైడ్రైడ్ గుండా కింది మెగ్నీషియంకు హైడ్రోజన్ ఎంత నిదానంగా చేరుతుందో 5వ పాఠంలో కొలుద్దాం.