హారర్ క్లాసిక్ రీమేక్ ఎక్కడ దెబ్బతిందో పట్టుకోవడం ఎలా?

‘పాతదానంత భయం వేయలేదు’ అని ఎవరైనా అనేస్తారు. ఎందుకు వేయలేదో చెప్పాలంటే మాత్రం రెండు సినిమాల్నీ పక్కపక్కన పెట్టి కొలవాలి. ఇలా కొలిచినప్పుడు ఎక్కువసార్లు బయటపడే తప్పు ఒకటే: పాత సినిమా దాచిపెట్టినదాన్ని కొత్త సినిమా చూపించేస్తుంది, లేదా విడమర్చి చెప్పేస్తుంది. అది ఏ నిమిషంలో జరిగిందో పట్టుకోవడానికి ఒక నోట్‌బుక్, హెడ్‌ఫోన్స్, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపగలిగే ప్లేయర్ ఉంటే సరిపోతుంది.

1. ముందు ప్రింటు సంగతి చూడండి

తప్పుడు ప్రింటు చూసి తీర్పు చెప్పేవాళ్లు చాలామంది. నిడివి సరిచూసుకోండి. సెకనుకు 24 ఫ్రేమ్‌ల సినిమాను 25 ఫ్రేమ్‌లకు మార్చిన పాత పాల్ (యూరప్, ఇండియా టీవీల పద్ధతి) డీవీడీల్లో సినిమా 4 శాతం వేగంగా పరుగెత్తుతుంది. 109 నిమిషాల సినిమా 105 నిమిషాలకే అయిపోతుంది, సంగీతం శ్రుతి కూడా కొంచెం పైకి జరుగుతుంది. అలాంటి ప్రింటుతో షాట్ల నిడివి పోలిస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఏ వెర్షన్ చూస్తున్నారో కూడా రాసుకోండి. 2007 ‘హాలోవీన్’ రీమేక్ థియేటర్ వెర్షన్ 109 నిమిషాలు. తర్వాత వచ్చిన అన్‌రేటెడ్ (రేటింగ్ తీసుకోని) వెర్షన్ 121.

తర్వాత టీవీ సెట్టింగ్స్. మోషన్ స్మూతింగ్ (లేని ఫ్రేమ్‌లు పుట్టించి కదలికను నున్నగా చేసే సెట్టింగ్) ఆపేయండి. ‘వివిడ్’, ‘డైనమిక్’ లాంటి మోడ్‌లు వద్దు, అవి చీకటిని బూడిదరంగు చేసేస్తాయి. 1978 ‘హాలోవీన్’లో కథానాయిక లారీ వెనక చీకటి గుమ్మంలోంచి హంతకుడి తెల్లటి మాస్కు మెల్లగా తేలుతుంది. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ లైటును కొద్దికొద్దిగా పెంచుతూ తీసిన షాట్ అది. టీవీ వెలుతురు ఎక్కువైతే మాస్కు ముందే కనిపించిపోతుంది, ఇక మిగిలేదేమీ లేదు. ఆ సినిమాను వెడల్పు ఫ్రేమ్‌లోనే చూడాలి. పక్కలు కోసేసిన పాత టీవీ ప్రింట్లలో అంచున నిలబడిన మనిషి మాయమైపోతాడు.

2. చూసే వరుస మార్చండి

పాతది ముందు చూస్తే అదిరిపాటు అక్కడే ఖర్చయిపోతుంది. కొత్తది చప్పగా అనిపించడంలో దాని తప్పు సగమే కావచ్చు. ఇద్దరుంటే ఒకరు పాతది ముందు, ఇంకొకరు కొత్తది ముందు చూడండి. ఒక్కరే అయితే రెంటికీ మధ్య వారం విరామం ఇవ్వండి. మొదటిసారి చూసేటప్పుడు నోట్‌బుక్ తెరవద్దు. ఎక్కడ ఒళ్లు జలదరించిందో ఆ నిమిషం మాత్రం గుర్తుపెట్టుకోండి.

3. రెండింట్లోనూ ఉన్న ఒక్క సీన్ ఎంచుకోండి

సినిమా మొత్తం పోల్చబోతే ఎక్కడికీ తేలదు. కొత్తవారికి ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’లో గోడ సీన్ మంచి మొదలు. కథానాయిక నాన్సీ నిద్రపోతుంటే మంచం పైన గోడ సాగి, కలల్లోకి వచ్చి చంపే ఫ్రెడ్డీ ఆకారం ముందుకు వంగుతుంది. 1984లో దర్శకుడు వెస్ క్రావెన్ బృందం గోడ స్థానంలో స్పాండెక్స్ (బాగా సాగే) బట్ట బిగించి, వెనకనుంచి మనిషి చేత నెట్టించింది. 2010 రీమేక్‌లో అదే పని కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేశారు. పాతదాంట్లో బట్ట నిజంగా సాగుతుంది, దాని మడతల్లో నిజమైన నీడ పడుతుంది. కొత్తదాంట్లో ఆకారం ఎక్కువగా, స్పష్టంగా కదులుతుంది, కానీ దానికి బరువు లేదు. ఒక్కో ఫ్రేమ్ ఆపి గోడ ఎలా వంగుతోందో చూడండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ నొక్కిన ప్రతిసారీ ఒక ఫ్రేమ్ ముందుకెళ్తుంది.

4. షాట్లు లెక్కపెట్టండి

నోట్‌బుక్‌లో నాలుగు నిలువు వరుసలు గీయండి: షాట్ నంబరు, సెకన్లు, తెరమీద ఏముంది, అప్పటికి మనకు తెలిసిందేమిటి. సీన్ నిడివిని షాట్ల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. మూడు నిమిషాల సీన్‌లో 30 షాట్లుంటే సగటు 6 సెకన్లు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, కట్లు (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారడాలు) ఎక్కువైతే రీమేక్ చెడిందనుకోవడం. 1960 ‘సైకో’లో షవర్ హత్య సుమారు 45 సెకన్లు. దానికి 78 కెమెరా సెటప్‌లు, 52 కట్లు అని లెక్క. అంటే సగటు సెకను కూడా లేదు. వేగం తప్పు కాదు. ఆ వేగానికి ముందూ వెనకా ఏముందో చూడాలి. హత్య తర్వాత మోటెల్ నడిపే నార్మన్ గది కడిగి శుభ్రం చేసే భాగం దాదాపు మాటల్లేకుండా సాగుతుంది. ఆ నెమ్మది వల్లే ముందటి వేగం వెంటాడుతుంది.

1998లో దర్శకుడు గస్ వాన్ శాంట్ ఈ ‘సైకో’నే రంగుల్లో, దాదాపు షాట్‌కు షాట్‌గా మళ్లీ తీశాడు. బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్య సంగీతాన్నే మళ్లీ వాయించారు. అయినా బెసికింది. హత్య మధ్యలో తుఫాను మబ్బుల షాట్లు దూర్చాడు. కళ్లు కత్తినీ నీటినీ వదిలి ఆకాశంలోకి వెళ్తాయి, ఆ క్షణంలో ప్రేక్షకుడు బాత్రూంలోంచి బయటపడిపోతాడు. నాలుగో వరుస నింపుతుంటే ఇలాంటి చిల్లులు దొరుకుతాయి.

5. కళ్లు మూసుకుని వినండి

అదే సీన్‌ను హెడ్‌ఫోన్స్‌తో, తెర చూడకుండా వినండి. ప్రతి అదురుకూ ముందు పది సెకన్లలో ఏం వినిపించిందో రాయండి. ప్రతిసారీ రీరికార్డింగ్ ముందే పెరుగుతుంటే అది భయానికి ముందుమాట చదివినట్టే. ఉత్తుత్తి అదురులు (పిల్లి దూకడం, స్నేహితుడు భుజంమీద చెయ్యి వేయడం) విడిగా లెక్కపెట్టండి. పదిలో ఆరు అవే అయితే ఏడోదాన్ని ఎవరూ నమ్మరు.

6. దాచినవాటి పట్టిక వేయండి

అసలు పని ఇదే, తొందరపడకండి. పాత సినిమా చివరిదాకా చెప్పనివి ఒక పక్క, కొత్త సినిమా అవే ఎన్నో నిమిషంలో చెప్పిందో ఇంకో పక్క రాయండి.

రాబర్ట్ వైజ్ తీసిన 1963 ‘ది హాంటింగ్’లో దయ్యం ఒక్కసారి కూడా కనబడదు. తలుపు అవతల ఏదో బాదుతుంది, చెక్క తలుపు లోపలికి ఉబ్బుతుంది, అంతే. 1999 రీమేక్‌లో చెక్కిన శిల్పాల ముఖాలు కదులుతాయి, ఇంటి యజమాని దయ్యం నిలువెత్తున దర్శనమిస్తుంది. కనిపించాక దాని ఎత్తెంతో తెలిసిపోతుంది. అంతవరకూ అది తలుపంత కూడా కావచ్చు, ఇల్లంత కూడా కావచ్చు.

‘హాలోవీన్’లో దాచింది ఆకారాన్ని కాదు, కారణాన్ని. 1978లో దర్శకుడు జాన్ కార్పెంటర్ ఆరేళ్ల మైకేల్ చేసిన హత్య చూపించి, 15 ఏళ్లు దాటేస్తాడు. పెద్దయిన హంతకుడి పేరు టైటిల్స్‌లో ‘ద షేప్’, అంటే ఉత్త ఆకారం. 2007 రీమేక్‌లో దర్శకుడు రాబ్ జోంబీ అతని ఇల్లు, గొడవలు, ఆసుపత్రి రోజులు చాలాసేపు చూపించాడు. జాలిపడటానికి కారణం దొరికాక భయం పలచబడింది.

7. ఎవరికీ ఎవరికీ గొడవో ఒక్క వాక్యంలో రాయండి

1973 ‘ది వికర్ మ్యాన్’: దైవభక్తుడైన క్రైస్తవ పోలీసు, పాత దేవుళ్లను కొలిచే స్కాటిష్ దీవి. రెండు నమ్మకాలు ఢీకొంటాయి, అతని భక్తే అతన్ని ఉచ్చులోకి లాగుతుంది. 2006 రీమేక్‌లో దీవి అమెరికా తీరానికి జరిగింది, స్త్రీల పాలన, తేనె పెంపకం వచ్చాయి. కథానాయకుడికి తేనెటీగలంటే అలర్జీ, నమ్మకం మాత్రం ఏమీ లేదు. కొత్త వాక్యం రాయబోతే ‘నమ్మకం’ అన్న చోట ఖాళీ మిగులుతుంది.

8. నెగ్గిన రీమేక్‌తో సరిచూడండి

మీ పద్ధతి పాతదాన్ని గుడ్డిగా వెనకేసుకొస్తోందేమో తెలియాలంటే ఇది తప్పదు. 1958 ‘ది ఫ్లై’లో, మనిషిని ఒకచోటినుంచి ఇంకోచోటికి పంపే యంత్రంలో మనిషి తల, ఈగ తల ఒక్క దెబ్బలో తారుమారవుతాయి. 1986 రీమేక్‌లో దర్శకుడు క్రోనెన్‌బర్గ్ ఆ మార్పును సినిమా పొడుగునా సాగదీశాడు. అక్కడ చూపించడం భయాన్ని పెంచింది, ఎందుకంటే తర్వాత ఇంకేం ఊడిపోతుందో తెలియదు. అలాగే ‘పీజీ-13 (పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులను హెచ్చరించే అమెరికా రేటింగ్) వల్ల చప్పబడింది’ అన్న మాట మీ నోట్స్‌లో ఉంటే కొట్టేయండి. జపాన్ సినిమాకు రీమేకై, బాగా భయపెట్టిన 2002 ‘ది రింగ్’ది కూడా అదే రేటింగ్.

విడుదల వారం సమీక్షలు సాక్ష్యంగా తీసుకోవద్దు. 1951 సినిమాకు రీమేక్‌గా 1982లో వచ్చిన ‘ది థింగ్’ (మనుషుల రూపం ఎత్తే గ్రహాంతర జీవి కథ)ను అప్పటి విమర్శకులు చీల్చి చెండాడారు. దాని పట్టిక వేసి చూడండి: ఎవరు మనిషో ఎవరు కాదో చివరి షాట్ దాకా ఆ గడి ఖాళీగానే ఉంటుంది.