అమెరికాలో ఫెలనీ (తీవ్రమైన నేరం) పడితే ఎన్నేళ్లు వెంటాడుతుంది, ఏం చేయాలి?

"ఏడేళ్లయితే రికార్డు పోతుందట కదా" అని చాలామంది అనుకుంటారు. పోదు. ఆ ఏడేళ్ల లెక్క బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీల మీద ఉన్న ఫెడరల్ చట్టంలోది. అరెస్టయినా శిక్ష పడని కేసును ఏడేళ్లు దాటాక రిపోర్టులో చూపకూడదు, అదీ ఏడాది జీతం 75,000 డాలర్లలోపు ఉద్యోగాలకే. శిక్ష పడిన కేసుకు అందులో గడువే లేదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంతంగా ఏడేళ్ల హద్దు పెట్టుకున్నాయి.

ముందు కేసు నడిచిన కోర్టు క్లర్క్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు చివరికి ఎలా తేలిందో కోర్టు ధ్రువీకరించే కాగితం) తెచ్చుకోండి, రెండు మూడు కాపీలు. మీ మీద పడింది ఫెలనీయా, మిస్‌డిమీనరా (చిన్న నేరమా) అన్నది అందులో తేలుతుంది. మామూలుగా ఏడాదికి మించి జైలు పడగల నేరాన్ని ఫెలనీ అంటారు. న్యూజెర్సీలో ఆ మాట వాడరు, ఇండైటబుల్ క్రైమ్ అంటారు, కాబట్టి పేరు చూసి ఊరట పడొద్దు.

తర్వాత సీలింగ్ సంగతి, అంటే రికార్డును బయటివాళ్లకు కనబడకుండా మూసేయడం. ఇది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. న్యూయార్క్‌లో 2024 నవంబరులో అమల్లోకి వచ్చిన క్లీన్ స్లేట్ చట్టం ప్రకారం, జైలు నుంచి విడుదలైన ఎనిమిదేళ్లకు చాలా ఫెలనీలు సీల్ అవుతాయి, ఈలోగా కొత్త కేసు ఉండకూడదు. టెక్సాస్‌లో శిక్ష పడ్డాక చెరిపించుకోవడం దాదాపు కుదరదు. డిఫర్డ్ అడ్జుడికేషన్ (కోర్టు దోషి అని తేల్చకుండా కొంతకాలం షరతుల మీద వదలడం) పూర్తి చేసినవాళ్లు మాత్రం, చాలా ఫెలనీలకు, ఐదేళ్ల తర్వాత నాన్‌డిస్‌క్లోజర్ (రికార్డు బయటపెట్టొద్దనే కోర్టు ఆర్డర్) అడగొచ్చు. తుపాకీ మీద ఫెడరల్ నిషేధం ఉంటుంది. సిటిజన్లకు ఓటు హక్కు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, మెయిన్, వెర్మాంట్‌లలో జైల్లో ఉన్నా ఓటు వేయొచ్చు.

మనవాళ్లు దెబ్బతినేది ఇమిగ్రేషన్ దగ్గర. ఎఫ్1, హెచ్1బీ, గ్రీన్‌కార్డు, ఏదైనా సరే, కోర్టు సీల్ చేసిన రికార్డును ఇమిగ్రేషన్ వాళ్లు సాధారణంగా లెక్కలోంచి తీసేయరు. తప్పు ఒప్పుకుని డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకున్నా, రాష్ట్రం దాన్ని శిక్ష కాదన్నా, 1996 చట్టం ప్రకారం ఇమిగ్రేషన్ వాళ్లకది శిక్షే. దొంగతనం కేసులో ఏడాది జైలు వేసి, దాన్ని సస్పెండ్ చేసి ఇంటికి పంపినా అగ్రవేటెడ్ ఫెలనీ (ఇమిగ్రేషన్ చట్టంలో అతి తీవ్ర నేరమనే ముద్ర) అవుతుంది, అదయితే సిటిజన్‌షిప్ జీవితాంతం రాదు. అదే శిక్ష 364 రోజులైతే ఆ ముద్ర పడదు, మిగతా చిక్కులు ఉండొచ్చు. ఒక్క రోజు తేడా!

అందుకే "ఒప్పేసుకో, ఇంటికెళ్లిపోవచ్చు" అని ఎవరన్నా సరే, టెన్షన్‌లో సంతకం పెట్టకండి. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందేమో డిఫెన్స్ లాయర్ చెప్పి తీరాలని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అడిగి చెప్పించుకోండి. వీలైతే క్రిమినల్ కేసులు చూసే ఇమిగ్రేషన్ లాయర్‌తో విడిగా మాట్లాడండి. శిక్ష ఇప్పటికే పడి ఉంటే, అమ్మానాన్నల్ని చూడాలనిపించినా ఇండియా టికెట్ కొనకముందే ఆ లాయర్‌కు డిస్పొజిషన్ చూపించండి, ఎందుకంటే వీసా స్టాంపింగ్‌లోనో తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులోనో వేలిముద్రలు పెట్టగానే పాత కేసు బయటికొస్తుంది.