దక్షత 4200 శాతం వచ్చిందా?

జయపురంలో మా వీధి పిల్లలకి సాయంత్రాలు ఫిజిక్స్ చెప్తుంటాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. పోయిన చలికాలం హీటర్ రాడ్డుతో ఒక ప్రయోగం చేయించాను. 1000 వాట్ల రాడ్డు, బకెట్లో 10 లీటర్ల నీళ్లు, 30 నిమిషాల్లో 20 డిగ్రీల నుంచి 50కి వచ్చాయి. (థర్మామీటరు ముంచే ముందు ప్లగ్గు పీకేయాలి, స్విచ్చి ఆపితే చాలదు.) పిల్లల లెక్కల్లో, జవాబుల్లో దొర్లిన తప్పులు, వాటి దిద్దుబాట్లు ఇవి.

సమస్య: దక్షత 4200 శాతం

దక్షత (ఎఫిషియెన్సీ) అంటే రాడ్డు ఇచ్చిన శక్తిలో ఎంత శాతం నీళ్లకి చేరిందో చెప్పేది. కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4200 జౌళ్లు కావాలి, కాబట్టి నీళ్లు తీసుకున్న శక్తి 10 × 4200 × 30 = 12,60,000 జౌళ్లు. అక్కడిదాకా బాగానే ఉంది. రాడ్డు ఇచ్చిన శక్తికి మాత్రం పిల్లలు 1000 × 30 వేశారు. వాటు అంటే సెకనుకి ఒక జౌలు, నిమిషానికి కాదు. 1000 × 1800 వేస్తే 18,00,000 జౌళ్లు, దక్షత 70 శాతం. నూరు దాటితే ముందు టైమునే అనుమానించండి.

సమస్య: లెక్క సరిగ్గానే ఉంది, కానీ 70 మరీ తక్కువ

"వేడి గాల్లోకి పోయింది సార్" అన్నారు పిల్లలు. కొంత పోతుంది, బకెట్టు కూడా కొంత తాగుతుంది. కానీ రాడ్డు నీళ్లలోనే మునిగి ఉంది కదా, ముప్పై శాతం ఎటు పోతుంది? అసలు దొంగ వోల్టేజీ. రాడ్డు మీద 1000 అని ఉన్నది 230 వోల్టుల దగ్గర మాట. రాడ్డు లాగే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 200కి పడిపోతే దాదాపు 756 వాట్లే.

రాడ్డు మీది అంకెను వదిలేసి మీటరును అడగండి. ఇంట్లో మిగతావన్నీ ఆపి, మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటును నిమిషంపాటు లెక్కపెట్టాలి. మా మీటరు మీద యూనిట్‌కి (అంటే కిలోవాట్-గంటకి) 3200 సార్లు అని రాసి ఉంది. మాకు నిమిషానికి 40 వచ్చాయి. 40 × 60 ÷ 3200 = 0.75 కిలోవాట్లు. అంటే ఇచ్చింది 750 × 1800 = 13,50,000 జౌళ్లు, దక్షత 93 శాతం. పాపం, రాడ్డు తప్పేమీ లేదు.

సమస్య: "మాచ్‌ఖండ్‌లో గంటకి 120 మెగావాట్లు"

మన కోరాపుట్ జిల్లాలోని ఆ జలవిద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 120 మెగావాట్లు, అంతే. "గంటకి" కొట్టేయండి. పూర్తి స్థాయిలో గంట నడిస్తే వచ్చేది 1,20,000 యూనిట్లు. ఒక్కో యూనిట్ 36 లక్షల జౌళ్లు.

సమస్య: సామర్థ్యం అడిగితే జవాబు శాతంలో రాస్తున్నారు

ఇది పిల్లల తప్పనను. మామూలు మాటల్లో "సామర్థ్యం" అంటే పనితనం. తెలుగు ఫిజిక్స్ పుస్తకంలో అదే పవర్. ఎఫిషియెన్సీ అంటే దక్షత. ఒడియాలోనూ దక్షతే, అదొక్కటీ మనకి కలిసొచ్చింది. నోటుబుక్కులో సామర్థ్యం పక్కన "వాటు" అనీ, దక్షత పక్కన "శాతం" అనీ రాయించండి. నేనైతే పరీక్షలయ్యేదాకా పవర్ అనే అంటాను.